ఆమె పలికిన ఆమెన్

మేం తాతల నాటి నుంచి తమిళదేశంలో, మాధవరంలోనే ఉంటున్నాం. మా ఒక్కగానొక్క కొడుకు డేనియల్ ఉద్యోగంలో చేరాక చర్చికి రావడం మానేశాడు. గట్టిగా అడిగితే, "నమ్మకం లేకుండా ఆడికొచ్చి కూర్చునేదానికి నాతో కాదు నాన్నా" అన్నాడు. వాడు మారాలని నా భార్య శుక్రవారం ఉపవాసాలుండేది. ఇద్దరం రోజూ తెల్లవారుజామున మోకరించి కన్నీళ్ళతో ప్రార్థించేవాళ్ళం.

పోయిన ఏడాది ఆమెకు గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. థియేటర్‌కు తీసుకెళ్ళబోతుంటే, అలవాటు ప్రకారం ప్రార్థన చేద్దామని నేను ముందుకొచ్చాను. ఆమె నన్ను ఆపింది.

"డేనీ, ఈడికి రా. ఈరోజు నువ్వు చెయ్యి నాయనా."

వాడు తల్లి తలమీద చెయ్యి పెట్టాడు. మేం కళ్ళు మూసుకున్నాం. వాడి నోట ఒక్క మాటా రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లి కోసం ఒక్క అబద్ధమైనా ఆడలేడా!

"టైమాచ్చు సార్" అంది నర్సు తమిళంలో, టైమైపోయిందని.

అప్పుడు నా భార్య, కొడుకు ప్రార్థన అంతా విన్నదానిలా, "ఆమెన్" అంది. అదే ఆమె ఆఖరి మాట. థియేటర్ నుంచి ప్రాణంతో తిరిగి రాలేదు.

సమాధి చేసిన మర్నాడు తెల్లవారుజామున ఒంటరిగా మోకరించాను. అరగంటసేపు అనర్గళంగా ప్రార్థించే నాకు ఒక్క మాట కూడా పెగల్లేదు. చాలాసేపటికి వెనక గుమ్మంలోంచి "ఆమెన్" అని వాడి గొంతు వినిపించింది.

నమ్మి అన్నాడో, నామీద జాలితో అన్నాడో నేను ఇంతవరకూ అడగలేదు.