ఇంజనుకు మంచినీళ్లు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది, 1954 వేసవి మొదట్లో, నన్ను కడప వర్క్‌షాపుకు వేశారు. హోదా జూనియర్ ఇంజనీరు, మెకానికల్. వర్క్‌షాపు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఒక లేతు, ఒక డ్రిల్లింగు మిషను, మూలన కొలిమి. మధ్యాహ్నం పన్నెండు దాటితే షెడ్డు కింద పెట్టిన స్పానరును ఉత్త చేత్తో పట్టుకోలేం. నాకు అప్పగించిన పని ఒక్కటే. వానలు తప్పి బావులు ఎండిన పల్లెలకు తాగేనీళ్లు తోలే లారీలను ఆగకుండా నడిపించాలి.

ఆ లారీలు యుద్ధం ముగిశాక మిలిటరీవాళ్లు వదిలించుకున్నవి. పెట్రోలు ఇంజన్లు, ఆరు సిలిండర్లు. వాల్వులన్నీ కింద, సిలిండర్లుండే ఇనుప దిమ్మెలోనే, అంటే బ్లాకులోనే ఉంటాయి, పైన హెడ్డు ఒట్టి మూతలాగా కూర్చుంటుంది. అయితే ఆ మూత గుల్లగా ఉంటుంది. దాని లోపల నీళ్లు తిరుగుతాయి. ముందున్న పంపు నీళ్లను బ్లాకులోకి తోస్తుంది. అవి బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉన్న రంధ్రాలగుండా పైకెక్కి, హెడ్డు ముందు భాగంనుంచి రేడియేటర్‌కు వెళ్లి చల్లబడి తిరిగి వస్తాయి. చదునైన రోడ్డు మీద, చల్లటి దేశాల్లో ఈ ఏర్పాటుకు వంక పెట్టలేం. నీళ్ల ట్యాంకు నింపుకొని, మే నెలలో, గండికోట వైపు కొండరోడ్డు ఎక్కాలంటే మాత్రం దానికి చేతనయ్యేది కాదు.

ఏ లారీ చూసినా జబ్బు ఒకటే. వెనక రెండు సిలిండర్ల దగ్గర హెడ్డు పగిలేది. కారణం కనుక్కోవడం కష్టం కాలేదు. నీళ్లు దగ్గరి దారి చూసుకుంటాయి. ముందువైపు రంధ్రాలలోనే పైకెక్కి అటునుంచి అటే వెళ్లిపోయేవి. వెనకదాకా చేరేవి కొద్దిగా. అక్కడ అవి ఆవిరై, ఆవిరి ఉన్నచోట ఇనుము కాలి, చివరికి సన్నగా చీలేది. కొత్త హెడ్డు కావాలని రాస్తే, ఆ ఇంజను చేసినవాళ్లే దాన్ని మానేశారని జవాబు వచ్చింది.

కాబట్టి పాతవాటినే మార్చాలనుకున్నాను. నాకు తోడు ఫిట్టరు ఖాసీం సాయిబు. మంచి పనివాడు, కానీ రోజుకు రెండుసార్లయినా నాతో పోట్లాడకపోతే ఆయనకు తోచేది కాదు. ముందువైపు రంధ్రాలకు ఇత్తడి బుష్షులు, అంటే చిన్న గొట్టాలు, దిగగొట్టి సన్నం చేశాం. వెనకవైపు వాటిని పెద్దవి చేశాం. అన్నింటికంటే ఎక్కువగా కాలేచోట, వెనక వాల్వుల నడుమ, పెన్సిలు దూరేంత కొత్త రంధ్రాలు ఏటవాలుగా వేశాం. ఎదురుగా బ్లాకులోనూ, రెంటి మధ్యా పరిచే గాస్కెట్టు రేకులోనూ అవే రంధ్రాలు సరిపోవాలి. డ్రిల్లు కొంచెం పక్కకు పోయినా గోడ పలచనై హెడ్డు పాత ఇనుముకు వెళ్తుంది. ప్రతి హెడ్డుకూ అడుగున పలక బిగించి, చేతిపంపుతో లోపలికి నీళ్లు ఒత్తిడిగా పంపి, ఎక్కడైనా చెమ్మ తేలుతుందేమోనని చూసిన తర్వాతే లారీకి ఎక్కించాం.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు ఇది మొదటినుంచీ నచ్చలేదు. ఆయన కర్నూలులో ఉండేవారు. పాత సామానును గెలికితే పాడైన రోజు జవాబు చెప్పాల్సింది మనమేనని ఆయన నమ్మకం. ఒక్క హెడ్డు పగిలినా అన్నీ విప్పించి మునుపటిలాగే పెట్టిస్తానని ముందే చెప్పి, అయిష్టంగానే అనుమతి ఇచ్చారు. నేను సరేనన్నాను. మార్చిన లారీ నిండు ట్యాంకుతో, ఎక్కడా ఆగకుండా కొండ ఎక్కినరోజు ఖాసీం సాయిబు నాతో పోట్లాడలేదు. అదే ఆయన మెచ్చుకోలు.

కొత్త రంధ్రాలతో చిక్కు ఒకటే. అవి సన్నం. ఆ ప్రాంతంలో రోడ్డు పక్క బావుల్లో నీళ్లు ఉప్పు. ఉప్పునీళ్లు ఇంజనులో మరిగితే తెల్లటి పెచ్చు కడుతుంది. పెద్ద రంధ్రంలో అయితే ఏడాది పడుతుంది, సన్నదానిలో నెల చాలు. అందుకని డ్రైవర్లందరికీ ఆర్డరు ఇచ్చాను. రేడియేటర్‌లో తగ్గిన నీళ్లు ట్యాంకులోని మంచినీళ్లతోనే నింపాలి, రోడ్డు పక్క బావినీళ్లు పోయకూడదు, పోస్తే ఉద్యోగం ఉండదు. ట్యాంకు నిండా మంచినీళ్లే కదా, ఇందులో ఎవరికి ఏం ఇబ్బంది అనుకున్నాను.

గండికోట కొండమీది పల్లెకు తోలే లారీ డ్రైవరు యేసోబు. కమలాపురం దగ్గరివాడు. నలభై దాటినవాడు, యుద్ధంలో మిలిటరీ లారీ నడిపినవాడు. వాళ్ల నాయన పల్లెలో చర్చి పెద్ద. బండిని బిడ్డలా చూసుకుంటాడని అందరూ అనేవారు, నేనూ చూశాను. గేరు శబ్దం రాకుండా మార్చేవాడు. పొద్దున కమలాపురం దగ్గర ఏట్లో తవ్విన బావిలో ట్యాంకు నింపుకొని బయలుదేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. ఇంటిల్లిపాదీ ఆ జీతం మీదనే బతికేవారు.

ఒకరోజు అతను సాయంత్రానికి రాలేదు. మరునాడు పొద్దున నేనూ ఖాసీం సాయిబూ వెళ్లి చూస్తే, లారీ కొండ సగంలో, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, నిలబడి ఉంది. ట్యాంకు ఖాళీ. ఊరివాళ్లు విషయం తెలిసి బండ్లు కట్టుకొని దిగి వచ్చి నీళ్లు పట్టుకుపోయారట. యేసోబు లారీ పక్కనే రాతి మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

లారీని లాక్కొచ్చి హెడ్డు విప్పాం. వెనక సిలిండరు దగ్గర చీలిక. సరిగ్గా మేం వేసిన కొత్త రంధ్రం అంచునుంచే మొదలైంది. ఖాసీం సాయిబు ఒక తీగ తీసుకుని రంధ్రంలోకి దూర్చబోతే దూరలేదు. గీకితే సున్నంలాగా తెల్లటి పొడి రాలింది. ఆ రంధ్రం మేం ఆ వేసవిలోనే వేసింది. పాత పెచ్చు అనడానికి వీల్లేదు.

యేసోబును పిలిచి, ఏం నీళ్లు పోశావని అడిగాను. నా గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు.

"కొండ కింద బాయి నీళ్లు సార్" అన్నాడు.

"ఎన్నిసార్లు?"

"పోయినప్పుడంతా పోస్తాండా."

వెనక నిండా మంచినీళ్లు పెట్టుకుని ఇదేం పొయ్యేకాలమయ్యా అని అరిచాను. అప్పుడతను చెప్పాడు. ఆ పల్లెలో లారీ మొదట ఊళ్లో ఆగుతుంది. ఊరివాళ్లు కడవలు, బానలు, తొట్లు నింపుకుంటారు. వాళ్లు చాలు అన్నాక, ట్యాంకు అడుగున మిగిలినవి ఊరి బయట ఉన్న పేటకు తీసుకుపోవాలి. అది అక్కడి కట్టుబాటు. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. లారీకి ముందుగా పేటకు తిరిగే అధికారం లేదు.

"ఇంజనుకు రెండు మూడు కడవలు తీస్తే ఊరోళ్లకేం తక్కువ గాదు సార్. వాళ్లు నింపుకునేది నింపుకుంటారు. తగ్గేది పేటోళ్లకే. ఆడ ఆడోళ్లు ట్యాంకు కింద గిన్నె పెట్టుకోని చుక్కచుక్క పట్టుకుంటాండారు. వాళ్ల కండ్ల ముందర రేడియేటర్‌కు పోసి, మళ్లా వాళ్లకు మొగమెట్ల చూపీల?"

ఇంకొక మాట కూడా అన్నాడు. లారీ ఆగిపోయిన ఆ రోజు పేటకు చుక్క దక్కలేదని. బండ్లున్నవాళ్లు దిగివచ్చి ట్యాంకు ఊడ్చుకుపోయారు, బండ్లు లేనివాళ్లు కొండమీదే ఉండిపోయారు. ఆ మాట అంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నా కోపం పోయింది. దాని బదులు దిగులు పట్టుకుంది, ఎందుకంటే విచారణకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వస్తున్నట్టు అప్పటికే కబురు వచ్చింది.

విచారణ షెడ్డులోనే జరిగింది. పగిలిన హెడ్డు బల్ల మీద ఉంది. ఆయన చీలికను వేలితో తడిమి, ఇది మీ రంధ్రం వల్ల పగిలిందా, డ్రైవరు వల్లనా, ఒక్కమాటలో చెప్పమన్నారు. రంధ్రం వల్ల అంటే యేసోబు ఉద్యోగం నిలుస్తుంది. కానీ మార్చిన హెడ్లన్నీ విప్పేయాలి, ఆ లారీలు మళ్లీ కొండ కింద ఆవిరి కక్కుకుంటూ నిలబడాలి. డ్రైవరు వల్ల అంటే యేసోబు పోతాడు. మిగతా లారీల హెడ్లు విప్పి చూస్తే శుభ్రంగా ఉన్నాయి. ఇనుము చెప్పే సాక్ష్యం ఒకటే, పగిలింది ఉప్పునీళ్లవల్లే. అయినా, చీలిక రంధ్రం దగ్గర మొదలైన మాట నిజమేనని మొదలుపెట్టాను.

యేసోబు అడ్డం వచ్చాడు. "హెడ్డు తప్పేం లేదు సార్. ఉప్పునీళ్లు పోసింది నేను. మీరు వద్దని చెప్పినా నేనే పోసినాను" అన్నాడు.

కారణం చెప్పు అని నేనే అన్నాను. అతను చెప్పలేదు. నేను చెప్పాను, పేట సంగతీ వాటా సంగతీ అంతా. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఓపికగానే విన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఊరి కట్టుబాట్లు మన శాఖ చేతిలో లేవని, కరువులో లారీ ఆపినవాణ్ణి ఉంచితే రేపు ఇంకొకడు ఆపుతాడని అన్నారు. జీతం కోసి వదలండి, వేరే లారీ ఇవ్వండి అని బతిమాలాను. "పోస్తే ఉద్యోగం ఉండదని ఆర్డరు ఇచ్చింది మీరే కదా" అన్నారు. మా డ్రైవర్లు పర్మినెంటు కాదు, తీసేయడానికి ఒక సంతకం చాలు. మధ్యాహ్నానికి అదీ అయిపోయింది.

గేటు దగ్గర అతన్ని ఆపి, ఎందుకు అడ్డం వచ్చావప్పా, నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి కదా అన్నాను.

"మీరేం చెప్తారో నాకు తెలుసు సార్. హెడ్లు ఇప్పేస్తే లారీలు కొండెక్కవు. లారీ రాకుంటే ఊరోళ్లు బండ్లు కట్టుకోని యాడన్నా తెచ్చుకుంటారు. పేటకు ఎవురు తెస్తారు?" అన్నాడు. నాకు మెచ్చుకోలు మాట ఒకటి నోటిదాకా వచ్చింది. ఉద్యోగం పోయినవాడికి అదెందుకని మింగేశాను. తర్వాత అతను బళ్లారి వైపు వెళ్లాడని విన్నాను. మళ్లీ కనపడలేదు.

ఆ వారమే ప్రతి లారీకీ ఇంజను కోసం విడిగా ఒక డ్రమ్ము కట్టించాను. ట్యాంకు నిండకముందే, ఏటి బావి దగ్గరే, దాన్ని నింపాలి. కానీ అదీ మంచినీళ్లే. దప్పికతో ఉన్నవాళ్ల మధ్యకు అది వెళ్తే కొత్త డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు, దాన్ని వాళ్లకు పోసి, యేసోబులాగే ఇంజనుకు ఉప్పునీళ్లు పోస్తాడు. అందుకని లేతు మీద ఇనుము కోసేటప్పుడు పోసే నూనె ఆ డ్రమ్ముల్లో కలిపించాను. నీళ్లలో కలిసే నూనె అది. తుప్పు పట్టనివ్వదు. ఇంజనుకు మంచిది, మనిషి తాగడానికి పనికిరాదు. ఖాసీం సాయిబు కలుపుతూ, కరువులో మంచినీళ్లు పాడు చేసే నౌకరీ కూడా ఉంటుందని నాకు తెలీదు సాబ్ అన్నాడు. ఎప్పటిలాగా పోట్లాటకు అన్నది కాదు.

ఆ ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఒకరోజు నేనే లారీలో ఆ పల్లెకు వెళ్లాను. ఊళ్లో పోయడం అయ్యాక పేటకు పోయాం. కొత్త డ్రైవరు బానెట్టు ఎత్తి డ్రమ్ములోని నీళ్లు రేడియేటర్‌లో పోస్తున్నాడు. ఆ నూనె కలిసిన నీళ్లు తెల్లగా ఉంటాయి. ఒక ముసలామె గిన్నె పట్టుకుని దగ్గరికి వచ్చి, "ఏమప్పా, ఈ పొద్దు మజ్జిగ్గూడా తెచ్చినారా?" అని అడిగింది. కాదవ్వా, అది ఇంజనుకు, తాగితే ప్రాణం మీదికొస్తుంది అని చెప్పాను. ఆమె డ్రమ్ము వైపు, రేడియేటర్ వైపు చూసి, వెనక్కి పోయి వరసలో నిలబడింది. పాత డ్రైవరు ఏడి అని ఎవరో అడిగారు. వేరేచోటికి పోయాడన్నాను.

ఆ వేసవిలో మరే హెడ్డూ పగలలేదు. ఆ రంధ్రాల మార్పునూ నూనె డ్రమ్ములనూ తర్వాత వేరే వర్క్‌షాపుల్లో కూడా పెట్టారు, నాకు మంచి పేరే వచ్చింది. మిగిలిన సర్వీసంతా, ఏ యంత్రానికి నీళ్ల ఏర్పాటు రాయాల్సి వచ్చినా, రంధ్రాల కొలతల కంటే ముందు ఒక మాట అడిగేవాణ్ణి. ఈ నీళ్లు ఎవరి కడవలోనుంచి వస్తున్నాయని. అడిగినందువల్ల నీళ్లు పెరగవు. ఎవరికి తగ్గుతాయో ఆర్డరు మీద సంతకం పెట్టేవాడికి తెలుస్తుంది, అంతే.