అరుగు మీది చాప

రాయగడలో మా వీధి చెత్తబండి సత్యభామది. మున్సిపాలిటీలో పదిహేనేళ్ల పని. ఎవరైనా తడిచెత్త, పొడిచెత్త కలిపి ఇచ్చారా, వాకిట్లోనే నిలబెట్టి కడిగేస్తుంది. అలాంటి మనిషి ఒక్క మాటకు బెదిరిపోయింది. ఆ మాట అన్నది నేనే.

మా వీధిలో ఆడపిల్లకు నెలసరి వస్తే మూడు రోజులు అరుగు మీద చాపేసి విడిగా కూర్చోబెడతారు. ఎవరింట్లో ఎప్పుడన్నది వీధికంతా తెలుసు. సత్యభామ కూతురు లిప్సాకు పన్నెండేళ్లు, పెద్దమనిషై ఏడాది కూడా కాలేదు. కుళాయి దగ్గర నా నోరు ఊరుకోలేదు.

"సత్యభామా, రెండు నెల్లు దాటిపోనాది, మీ అమ్మి అరుగెక్కనేదు. ఏటి సంగతి?"

ఆమె ముఖం పాలిపోయింది. బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే లిప్సా చాప మీద కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ రోజే కొరాపుట్‌లో ఖో-ఖో జట్టు ఎంపిక. ఆరు నెలలుగా పిల్ల దానికోసమే పరుగులు పెడుతోంది. బడి బస్సు వీధి చివర హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది. లిప్సా మోకాళ్లలో తల దాచుకుంది.

సాయంత్రం ఐరన్ మాత్రలు పంచడానికి నర్సు సస్మిత వచ్చింది. సత్యభామా నేనూ అక్కడే ఉండగా, ఇది ఎన్నో రోజని పిల్లను అడిగింది.

"రానేదక్కా. అమ్మే కూకోమంది," అంది లిప్సా.

సస్మిత నిర్ఘాంతపోయి సత్యభామ వైపు తిరిగింది. "మొదట్లో ఒకటి రెండేళ్లు అంతేనమ్మా! ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. మూడు నెలలు దాటితే ఆసుపత్రిలో చూపించండి. ఇదేం పని?"

ముగ్గురిని కన్నదాన్ని, ఈ ముక్క నాకు తెలీదు! ఏమీ తెలియకుండానే ఓ పసిపిల్ల రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాను. ఛీ, నా బతుకు!

సత్యభామ కూతురి పక్కన కూలబడింది. "బయమేసిందే అమ్మీ. ఈధిలో ఏటంటారోనని..."

"నన్నొక్క మాటడగనేదు నువ్వు. ఈధినే సూసేవు."

లిప్సా ఏడవలేదు. నన్ను అదే ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు చెత్తబండి విజిల్ మా గుమ్మం ముందే మోగింది. బుట్ట పట్టుకుని వెళితే, బండిలో చెత్త మీద ఆ చాప చుట్టి పడుంది.

"ఇకమీద మా అమ్మి రోజులు లెక్కెట్టకక్కా," అంది సత్యభామ.

ఆ రోజు నా బుట్టలో తడీ పొడీ కలిసే ఉన్నాయి. ఆమె చూసింది, ఏమీ అనకుండా బండిలో పోసుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.