ప్రైమర్ పిడి, మామగారి ఎదుటి కుర్చీ

నా గురి ఎలాంటిదో రైఫిల్ క్లబ్బులో అందరికీ తెలుసు. ఒకసారి మామగారు నా చేతికి తుపాకీ ఇచ్చి ఐదు కాల్చమన్నారు. ఐదూ వెళ్లి పక్కవాడి అట్టకు తగిలాయి. ఆ పూట అతనికే బహుమతి. అప్పటినుంచి నేను తుపాకీ జోలికి పోలేదు. మామగారికి ఖాళీ ఖోఖాలు, అంటే కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు, అందించే పనిలో స్థిరపడ్డాను.

అది చిన్న పనేమీ కాదు. మామగారు స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు నుంచి రిటైరైన మనిషి. తుపాకీకి లైసెన్సు ఉంది. పోటీలకు కావలసిన తూటాలు ఇంట్లోనే నింపుకోవడానికి దుర్గ్ కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి అనుమతి కూడా తెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున వెనక గదిలో బల్ల ముందు కూర్చుంటే, ఆయన ఎదురుగా ఒక్కటే కుర్చీ. పెద్దల్లుణ్ని కనక ఆరేళ్లు అందులో నేనే కూర్చున్నాను. తర్వాత చిన్నల్లుడు వచ్చాడు. డిప్లొమా, జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, మడత నలగని చొక్కా. మూడు ఆదివారాలుగా ఆ కుర్చీ అతనిదయింది. నేను గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాను. మా అత్తగారు ఎంత పంచదార వేసినా ఆ టీ నాకు చేదే.

సరిగ్గా అప్పుడే మామగారి పాత పనిముట్టు విరిగింది. తూటా పేలడానికి నిప్పు పుట్టించే గోరంత మూతను ప్రైమర్ అంటారు. దాన్ని ఖోఖా అడుగున గుంటలో నొక్కి కూర్చే పనిముట్టు అది.

"ఇద్దరూ చెరోటీ సూడండి బాబూ. చేతికి నచ్చింది ఉంచుకుంటాను," అన్నారు.

కుర్చీ తిరిగి వచ్చే దారి దొరికిందనుకున్నాను. చిన్నల్లుడు ఫోను తీశాడు. నేను హథ్‌ఖోజ్‌లో పనిచేసే షెడ్డుకి, నా లేతు దగ్గరికి పరిగెత్తాను. ఎనిమిదిలో బడి మానేసినవాడికి ఎప్పుడైనా సర్టిఫికెట్టు ఇచ్చిందంటే ఆ లేతే ఇచ్చింది. మా దగ్గర నట్టు మొండికేస్తే పానాకు పైపు తొడుగుతాం. పిడి ఎంత పొడుగైతే బలం అంత కలిసొస్తుంది. ఆ లెక్కనే నాలుగు సాయంత్రాలు కూర్చుని, మూరెడు పిడితో నిగనిగలాడే పనిముట్టు చేశాను. చిటికెన వేలితో నొక్కినా ప్రైమర్ దిగిపోవాలి!

ఆదివారం మామగారు పది ఖాళీ ఖోఖాలు తీసి, ఒక్కోటీ నా దానితో నొక్కారు.

"వెన్నలా దిగాయి కదా మావయ్యా!"

"దిగాయల్లుడూ. ఇందులో గుంట అరిగిపోయినదొకటి కలిపాను. ఏదో సెప్పు?"

నేను బల్లకేసి చూశాను. పదీ ఒకేలా ఉన్నాయి.

"నాకూ తెలీనేదు," అన్నారాయన. "వొదులుదీ బిగువుదీ నీ పిడికి ఒకటే. వొదులుదాన్ని పేలిస్తే సెగ మొహానికి తంతాది. అది ముందు వేలికి తెలాలి కదేటి?"

తర్వాత ఆ పదింటి ప్రైమర్లూ ఊడదీసి, చిన్నల్లుడిది తీశారు. గుప్పిట్లో పట్టేంత ఉంది, బొటనవేలితో నొక్కాలి. ఏడోదాని దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇదిగో, దొంగ!" అని దాన్ని తుక్కు డబ్బాలో పడేశారు.

చిన్నల్లుణ్ని పక్కకి లాగి అడిగాను. "ఇదంతా నీకు ముందే తెలుసా?"

"లేదు భయ్యా. ఫొటోలో ముద్దుగా ఉంది, తీసేసుకున్నా."

తెలిసి గెలిచాడంటే ఓర్చుకునేవాణ్నేమో. ముద్దుగా ఉందట! నాలుగు సాయంత్రాల నా చెమట ఒక ఫొటో చేతిలో ఓడిపోయింది. అతను వెళ్లి దర్జాగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కుర్చీ కాలు విరగాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆయన కూడా డిప్లొమా చదివినట్టున్నాడు, పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ మీద ఎగిరాను. "ఇస్త్రీ చొక్కా చూసి మీ నాన్న కుర్చీ ఇచ్చీసాడు. ఆ చిన్న పనిముట్టు ఒక సాకు!"

ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ తలెత్తకుండా అంది:

"కుర్చీ పనిముట్టు మూలంగా పోనేదు. మొన్న నెల నాన్న తూటాల్లో మందు పోస్తుంటే నువ్వు జోకేసావు. నవ్వి నవ్వి, ఏ ఖోఖాలో పోసాడో దేన్లో పొయ్యనేదో మర్చిపోయాడు. నువ్వొచ్చీసాక, నింపినవన్నీ ఒక్కోటీ విప్పుకున్నాడు పాపం. నీకు సెప్పడానికి మొగమాటపడ్డాడు. మరిదికి ఇంకేటీ తెలీకపోవచ్చు గానీ, నోరు మూసుకు కూకోడం తెలుసు."