ప్రిన్సిపల్ పార్టీ

నా మాట నోట్లోంచి సరిగ్గా బయటికి రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మేము అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. అవ్వ అయితే, "నువ్వు మాట్లాడుతున్నవో అన్నం నములుతున్నవో సమజ్ గాదు" అంటుంది. పుస్తకాల దగ్గర, డైరీ దగ్గర నాకు ఈ ఇబ్బంది లేదు. అవి ఏమన్నావని మళ్ళీ అడగవు. అందుకే మా అక్క కూతురి ఐదో పుట్టినరోజు ఏర్పాట్లు నా మీద పడ్డప్పుడు, కాగితం మీద అన్నీ చక్కగా కుదిరాయి. తేడా వచ్చింది ఒక్క మాట దగ్గరే.

బావ పని కోసం దుబాయి వెళ్ళాక అక్కా పాపా మహారాష్ట్ర సరిహద్దు వైపున్న ఇచ్చోడ నుంచి చొప్పదండికి, మా ఇంటికి వచ్చేశారు. అప్పటికి బడులు తెరిచి చాలా రోజులైంది. అయినా నేను చదివిన స్కూల్లోనే పాపకు సీటు దొరికింది. ఇచ్చోడలో పక్కింటి పిల్లలతో ఆడి ఆడి అంటిన మరాఠీ మాటలు దాని నోట్లో ఇంకా ఉన్నాయి. తొందరగా రమ్మనడానికి "లౌకర్ రా" అంటుంది. మొదటి రోజే తరగతిలో ఎవరినో అలా పిలిచిందట. పిల్లలు పడీ పడీ నవ్వి, దానికి లౌకర్ అని పేరు పెట్టేశారు. ఆ తర్వాత అది స్కూల్లో నోరు విప్పడం మానేసింది. అన్నం డబ్బా పట్టుకుని మూలకు ఒక్కతే కూర్చుంటోందని ఆయా చెప్పింది. ఆ మూల ఏదో నాకు చెప్పకుండానే తెలుసు.

పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే, "ప్రిన్సెస్ పార్టీ" అంది. తరగతి పిల్లలందరినీ పిలవాలంది.

"వస్తరా చిన్నమ్మా?"

"వస్తరు."

"వస్తే నాతోని ఆడుతరా?"

నేను డైరీ తెరిచి పిలవాల్సిన పేర్లు రాయడం మొదలుపెట్టాను. ఆ పార్టీ బాగా జరగాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

ఆ సాయంత్రమే అవ్వకు చెప్పాను. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. నేను తలుపు దగ్గర నిలబడి ప్రిన్సెస్ పార్టీ చేద్దామన్నాను. అవ్వ మిక్సీ ఆపి, "మంచి మాట బిడ్డా. జేయాల్సిందే. బాపుకు నేను చెప్త" అంది. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని ఆశ్చర్యపోయానే గానీ, ఆమె చెవిన పడిన మాట వేరని నాకు తట్టలేదు.

కిరీటాలకు అట్ట కోసం వెతికితే అటక మీద సంచి నిండా పాత పెళ్లికార్డులు దొరికాయి. ఎరుపూ బంగారు రంగూ కలిసిన మందపాటి కార్డులు. దేవుడి బొమ్మలున్న ముక్కలు తీసి పక్కన పెట్టి, మిగతావి కిరీటాలుగా కత్తిరించాను. ఒక్కో కిరీటం మీద ఏదో ఒక మాట మిగిలిపోయింది. ఒకదాని మీద "సుముహూర్తం", ఒకదాని మీద "విందు". పాప జిగురు రాస్తూ, "మొగపిల్లలకు సుత చెయ్యి చిన్నమ్మా, లేకుంటే ఏడుస్తరు" అంది.

అక్క తన గులాబీ రంగు పట్టుచీర ఇచ్చింది. దాన్ని వాకిట్లో గోడకు పరదాలా కట్టాం. ప్లాస్టిక్ కుర్చీకి బంగారు రంగు కాగితం చుట్టి సింహాసనం చేశాను. బాపు వచ్చి కుర్చీని అటూ ఇటూ ఊపి చూశాడు. "గీ కుర్చీ కాలు ఊగుతుంది. జర మంచిది వెయ్యి, ఇజ్జత్ పోతది" అన్నాడు. బాపు కూడా మా ఆటలో కలిశాడని మురిసిపోయి, ఇంట్లో ఉన్న చెక్క కుర్చీకి మళ్ళీ కాగితం చుట్టాను.

ఆ రోజు దాదాపు తరగతంతా వచ్చింది. కిరీటాలు పెట్టుకుని, బెలూన్ల కోసం కొట్లాడుకుంటూ వాకిలి దద్దరిల్లించారు. పాప మాత్రం నా చున్నీ కొస పట్టుకుని చూస్తోంది. ఇంకాసేపటికి వదిలేస్తుందనుకున్నాను. ఇంతలో గేటు ముందు స్కూటర్ ఆగింది. బాపు చేతులు జోడించి ఎదురెళ్ళి, వెంటబెట్టుకుని తెచ్చిన మనిషిని చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. స్కూలు ప్రిన్సిపల్ మేడం.

పిల్లలు గోడ వెంబడి వరుస కట్టారు. నెత్తిన కిరీటాలతో, చేతులు కట్టుకుని, "గుడ్ ఈవినింగ్ మే...డమ్" అని రాగం తీశారు. నేనూ తీసేదాన్నే. నా చిన్నప్పుడు ఆమె మాకు తెలుగు చెప్పేది.

అవ్వ లోపలి నుంచి కొత్త శాలువా తెచ్చింది. "నడుమల వచ్చినా మా పిల్లకు సీటిచ్చిండ్రు మేడం. మా చిన్నబిడ్డ మీ పేరు మీదనే గీ పార్టీ పెట్టింది. కూసోండ్రి" అని ఆమెను సింహాసనం మీద కూర్చోబెట్టి శాలువా కప్పింది. బాపు చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు.

"చిన్నమ్మా, అది నా కుర్చీ," అంది పాప. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇది ఇలాగే ముగిస్తే రేపటి నుంచి అది ఇంటికి మేడంను పిలిచిన పిల్ల అయిపోతుంది. ఇక ఎవరూ దాని పక్కకు రారు.

మేడం గులాబీ పరదాను, బెలూన్లను, వరుసలో ఉన్న కిరీటాలను చూసింది. "నా కోసమా ఇదంతా? ఇంతకూ ఏం పార్టీ అమ్మా ఇది?" అని నన్నే అడిగింది.

"ప్రిన్సెస్ పార్టీ మేడం."

"ఏంటి?"

"ప్రిన్సెస్..."

"గట్టిగా. వెనక బెంచీకి వినపడాలి."

చిన్నప్పుడు పద్యం అప్పజెప్పించేటప్పుడు అన్న మాటే. పాప చేయి నా చున్నీని ఇంకా గట్టిగా లాగింది.

"ప్రిన్సెస్ పార్టీ! ప్రిన్సిపల్ పార్టీ కాదు!"

పక్కింటి మేడ మీద బట్టలు తీస్తున్న ఆమె వంగి చూసింది. అవ్వ నోటి మీద చేయి వేసుకుంది.

"ప్రిన్సెస్సా? అంటే?"

"రాజకుమారి అవ్వా."

"మరి గట్ల నోరిప్పి చెప్పొద్దానే పిల్లా! శాలువా కోసం బజారంత తిరిగితి!"

"నేను ఇంటికి వొయ్యి పిలిచొస్తి," అన్నాడు బాపు. "తల్లీబిడ్డలు కలిసి నా ఇజ్జత్ తీసిండ్రు."

మేడం నవ్వడం మొదలుపెట్టింది. చదివినన్నాళ్ళూ ఆమె పళ్ళు నేను చూడలేదు. శాలువా జారిపోయేంతగా నవ్వి, లేచి, పాపను తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. "రాజకుమారి ఈమె అయితే శాలువా కూడా ఈమెదే" అని దాని భుజాలకు కప్పింది. అంచు నేల మీద జీరాడింది. కథల్లో రాజకుమారి వెనక నడిచే వస్త్రం ఒకటి ఉంటుంది కదా, నాకు ఎంత ఆలోచించినా కుదరనిది అదొక్కటే.

"నాకు కిరీటం లేదా మరి?" అంది మేడం. మిగిలినదొకటి ఇచ్చాను. దాని మీద ఉన్నది పైకి చదివింది: "చి.ల.సౌ. బాగుంది, ఇంత వయసులో మళ్ళీ పెళ్లికూతుర్ని చేసినవ్ నన్ను."

పెద్దవాళ్ళం నవ్వాం. అర్థం కాకపోయినా పిల్లలూ నవ్వారు. రెండు జడల పిల్ల ఒకతి వరుసలోంచి జరిగి జరిగి వచ్చి శాలువా అంచు ముట్టుకుంది.

"నాకొక్కసారి ఇస్తవా?"

పాప కుర్చీ దిగి, తనే దానికి కప్పింది. శాలువా వేసుకుని సింహాసనం నుంచి గేటు దాకా నడిచి రావాలి, అదీ ఆట. నేను చెప్పింది కాదు, వాళ్ళే పెట్టుకున్నారు. ఆడా మగా అందరికీ కావాలి. పాప అంచు ఎత్తిపట్టుకుని ప్రతి ఒక్కరి వెనకా పరుగెత్తింది. ఒక బాబు గేటు దగ్గర నిలబడి వయ్యారం పోతుంటే, "లౌకర్ రా!" అని అరిచింది. అరిచి, చటుక్కున నోరు మూసుకుంది.

వరుసలో ఉన్నవాళ్ళకు తమ వంతు కావాలి. "లౌకర్! లౌకర్!" అని వాళ్ళూ అందుకున్నారు. మేడం నడిచినప్పుడు కూడా, "లౌకర్ మేడం!" అని తరిమారు. కేకు కోద్దామని అక్క ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ వినలేదు.

మర్నాడు బడి గేటు దగ్గర పాప నా చేయి విదిలించుకుని పరుగెత్తింది. లోపల రెండు జడల పిల్ల ఎదురుచూస్తోంది. దాని తల్లి నా దగ్గరికి వచ్చింది.

"ఓ చెల్లే, మా పిల్ల సుత గదే కావాలంటుంది, గా ప్రిన్సిపల్ పార్టీ. జేస్తవా?"

"చేస్తా అక్కా," అన్నాను.

"ఏమన్నవ్? ఇనవడలే."

"చేస్తా అక్కా! కానీ శాలువా మీరే తెచ్చుకోవాలె!"