సూర్యాపేటలో పట్టని ఎలుక

ఇన్నేళ్లు మోసి మోసి ఇవాళ మధ్యాహ్నం దించాను. మోసింది ఒక ఎలుకను. నవ్వకండి. అది పట్టని ఎలుక. పట్టానని చెప్పిన ఎలుక. ఇవాళ మా ల్యాబు సార్‌కు చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. సిగ్గుగానే ఉంది, కానీ సిగ్గుకంటే సంబరం ఎక్కువగా ఉంది. తప్పు చేసినదానికి సంబరమేమిటని అడుగుతారా? నేనూ అదే అడుక్కుంటున్నాను.

మాది సూర్యాపేట. హైదరాబాదులో ఒక ల్యాబులో పరిశోధన చేస్తున్నాను. ఎలుకల్లో ఉండే ఒక వైరస్ మీద మా పని. ఎలుకకు దానివల్ల ఏమీ కాదు. ఎలుక ఉచ్చ, పెంటికలు ఎండి, ఆ దుమ్ము మనిషి ముక్కులోకి పోతే మాత్రం జ్వరం వస్తుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, ఒంట్లో రక్తం కారుతుంది. ఊరు మారితే ఆ వైరస్ జన్యువు కూడా మారుతుందా అన్నది మా ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వడ్ల గోదాములకు పోయి ఎలుకలు పట్టి, వాటి ఊపిరితిత్తుల ముక్కలు గొట్టాల్లో పెట్టి ల్యాబుకు చేర్చడం నా వంతు. ఆ ముక్కల్లోని వైరస్ జన్యువును అక్షరం అక్షరం చదవడం సైదులు వంతు. సైదులుది హాలియా పక్కన పల్లె. ల్యాబులో నాకు జూనియర్, నన్ను అక్కా అనేవాడు.

మిర్యాలగూడలో పట్టాను. కోదాడలో పట్టాను. సూర్యాపేటకు వచ్చేసరికి వినాయక చవితి వచ్చి కూర్చుంది. "మా ఊరే కదా సార్, నాకొదిలేయండి" అని గొప్పలు పోయి వచ్చిందాన్ని. గోదాము సేటు నా బోన్లన్నీ తెరిపించి బయట పెట్టించాడు. నవరాత్రులు అయ్యేదాకా దేవుడి వాహనాన్ని ముట్టనివ్వనన్నాడు. ఇంకో గోదాముకు పోతే అక్కడ ఎలుకలకు ఉండ్రాళ్లు పెట్టి ఉన్నాయి! నిమజ్జనం దాకా ఆగితే సరిపోయేది. ఆగానా? మా ఊళ్లో నా మాట చెల్లలేదని సార్‌కు ఫోన్ చేసి చెప్పడానికి నాకు నామోషీ. కోదాడ ముక్కలు కావలసినన్ని ఉన్నాయి. వాటిలో సగం గొట్టాల మీద సూర్యాపేట అని రాశాను. చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.

సైదులు చదివాడు. సూర్యాపేట, కోదాడ ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చాయి. రాక ఏమవుతాయి? కానీ ఇలాంటి వైరస్ ఎలుక నుంచి ఎలుకకు పోతూ కొంచెం కొంచెం మారుతూ ఉంటుంది. రెండు ఊళ్లలో ఇంత అచ్చుగుద్దినట్టు ఉండటం సార్‌కు మింగుడు పడలేదు. పట్టిన దగ్గర కలిసిపోయి ఉండాలి, లేదా చదివిన దగ్గర. అంటే నేనో, సైదులో.

ల్యాబు మెట్ల మీద సైదులు నన్ను ఆపాడు.

"అక్కా, సూర్యాపేటల నువ్వే పట్టినవ్ గదా?"

"ఏంది సైదులూ, గట్లడుగుతవ్? నేనే పట్టిన."

"మళ్ల మళ్ల జేసిన అక్కా. అదే వస్తున్నది. నా దగ్గరైతే ఏం కలుస్తలేదు. జర యాది జేసుకో, పెట్టెల గిట్ల కలిసినయేమో."

"కలువలే. ఒట్టు."

"సరే తియ్ అక్కా. నువ్వు ఒట్టేసినంక ఇగ నేనేమంట."

ఎందుకు ఒట్టేశాను? కలిశాయేమో అని ఒక్క మాట అంటే చాలు, అతను దారి కూడా చూపించాడు, తిట్లు తిని మళ్లీ ఊరికి పోయి ఎలుకలు పట్టుకొచ్చేదాన్ని, అంతకుమించి ఏమీ అయ్యేది కాదు, అయినా ఆ క్షణంలో నాకు అతని బతుకుకంటే నా పరువే పెద్దదిగా కనిపించింది. నా ఒట్టు నమ్మి, తప్పు చదివిన దగ్గరే జరిగిందని, చేతిలో శుభ్రత లేదని సైదులును పని నుంచి తప్పించారు. అతను కోదాడలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. నేను ఉలకలేదు, పలకలేదు.

ఇన్నేళ్ల తర్వాత, నోరు విప్పకుండానే అంతా సరిచేయొచ్చని ఒక తెలివి పుట్టింది. ఈసారి పండగ వెళ్లాక సూర్యాపేట పోయాను. నిజంగా పట్టాను. నేనే కూర్చుని చదివాను. అబ్బ, ఇవాళ పొద్దున కంప్యూటర్ తెర చూడాల్సింది! మా ఊరి వైరస్ కోదాడ దానితో కలవలేదు. మిర్యాలగూడ దానితో అసలే కలవలేదు. మూడు ఊళ్లు, మూడు రకాలు! బస్సెక్కితే చాయ్ వేళకు చేరిపోయే ఊళ్ల మధ్య ఇంత తేడా! కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. సార్ జిలేబీలు తెప్పించారు. అందరి ముందూ నా భుజం తట్టారు.

"చేతులు శుభ్రంగా ఉంటే ఫలితం ఇట్లా వస్తుంది. ఆ సైదులు చేసిన గందరగోళానికి ఇన్నేళ్లు పోయాయి" అన్నారు.

నోట్లో జిలేబీ ఇంకా ఉంది. అంతా సరిచేస్తున్నాననుకుని నేనే అతన్ని ఇంకా లోతుకు తోశాను. ఇప్పుడు కూడా మింగేసి ఊరుకుందునా? ఊరుకునేదాన్నే, నా సంగతి నాకు తెలియదూ. కానీ నోరు నా మాట వినలేదు.

"సార్, అప్పటి గొట్టాల్లో సూర్యాపేట ఎలుక లేదు. రెండూ కోదాడవే. పేరు మార్చి రాసింది నేను. సైదులు చదివిందే నిజం."

సార్ నా వైపు చూడకుండా సైదులుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నేను చెప్పింది చెప్పినట్టు అతనికి చెప్పారు. అటు వైపు పిల్లల గోల వినిపించింది. ఆ తర్వాత సైదులు గొంతు ల్యాబంతా మోగిపోయింది.

"నేను అప్పుడే జెప్పిన గద సార్! జెప్పిన గదా! నా దగ్గర కలువలే అని జెప్పలేదా సార్!"

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నాకైతే ఒళ్లంతా పులకరించింది. పొద్దున తెర మీద చూసిన గెలుపు ఈ కేక ముందు ఎంత? నిలబడ్డచోటే కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాను.

"మీ అక్క ఇక్కడే ఉంది, మాట్లాడతావా?" అని సార్ అడిగారు.

"వద్దు సార్" అన్నాడు.

అంతే. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తాడని నేను అనుకోవడం లేదు, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. రేపు ల్యాబులో నాకు చోటుంటుందో ఉండదో కూడా తెలియదు. నేను తప్పుడు పేరు రాశాను. సైదులు సరిగ్గా చదివాడు. ఎన్నిసార్లు చెప్పుకున్నా హాయిగానే ఉంది.