కత్తెర పళ్లెం ఎవరు పట్టాలి?

ఇంకా ఒళ్లు మండిపోతోంది. భువనగిరి గుట్ట కింద ఒక రాత్రి ఉండి రావాలని, మా పాలిటెక్నిక్ పిల్లలు కారు వెనక తగిలించుకునే చిన్న పడకగది బండిని నీటిబొట్టు ఆకారంలో సొంతంగా తయారు చేశారు. దాని ఇనుప చట్రమంతా వెల్డింగ్ చేసింది వాళ్లలో ఒకమ్మాయి, షబానా. ఆమె చేతుల మీద కాలిన గాయాలు ఇంకా మానలేదు. ఈ రోజు ప్రారంభోత్సవంలో రిబ్బన్ కత్తిరించే ముందు ప్రిన్సిపాల్ ఆమెను పిలిచారు.

"బిడ్డా, జర గీ కత్తెర పళ్లెం పట్టుకో. ఆడపిల్ల పట్టుకుంటె ఫోటో మంచిగొస్తది."

"సార్, వెల్డింగ్ చేసింది నేను. బండి కాడ నిలబడ్త."

"బండి కాడ పోరగాళ్లు ఉన్నరు గద!"

వర్క్‌షాప్ నేర్పే నేనే వెళ్లి పళ్లెం అందుకుని, షబానాను బండి పక్కన నిలబెట్టాను. నా మీసాల వల్ల ఫోటో పాడైందని ప్రిన్సిపాల్ సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నారు. ఆ ఫోటో ఈ పోస్టు కింద పెట్టాను. ఎక్కడ పాడైందో మీరే చెప్పండి.