ఘాటు తగ్గించిన తూటాలు

చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. కారంపొడులు, పచ్చళ్లు అమ్మే జగదీశ్వర్ ఒకనాడు దుకాణంలో మిరప ఘాటుకు తుమ్మితే, నడుముకున్న పిస్తోలు దానంతట అదే పేలి, ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకుకు చిల్లు పడిందట. కారిన నీళ్లతో గల్లీ అంతా తలంట్లు పోసుకుందట, దోమలగూడ నుంచి కూడా బిందెలు పట్టుకొచ్చారట. చిల్లు పడిన ట్యాంకును చూసినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ దొరకలేదు. చూసినవాళ్ల చుట్టాలైతే ఇంటికి ఇద్దరేసి ఉన్నారు.

పిస్తోలు ఉన్న మాట నిజం. లైసెన్సు ఉన్న మాట ఇంకా నిజం, ఎందుకంటే దాని జిరాక్సుకు పటం కట్టించి లక్ష్మీదేవి పటం పక్కనే వేలాడదీశాడు. మిర్చి యార్డుకు నగదు పట్టుకుని పోయేటప్పుడు దారిలో ఎవడైనా అడ్డం పడతాడేమోనని తీసుకున్న పిస్తోలది. తర్వాత డబ్బులు పంపడానికి అందరూ ఫోన్లు నొక్కడం మొదలుపెట్టారు. దొంగలు కూడా దారి కాయడం మానేసి ఫోన్లే చేస్తున్నారు. భయం పోయింది, పిస్తోలు మిగిలిపోయింది. అది కూడా ఇంట్లో ఉన్నది తక్కువే. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పజెప్పాలి కదా, మన ఊళ్లో ఎలక్షన్లకు కరువా? పుట్టింటికి పోయిన కొత్త కోడలిలా సగం కాలం అక్కడే.

మిగిలిన సగం కాలంలో ఊరి బయట రైఫిల్ క్లబ్బులో చేరి జగదీశ్వర్ క్రీడాకారుడయ్యాడు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఎస్సై పరీక్షకు చదివే పిల్లలు పచ్చడి కోసం వస్తే, పచ్చడితోపాటు పాఠం కూడా పొట్లం కట్టి ఇచ్చేవాడు.

"సార్, పిస్తోలు కాలిస్తే ఎనక్కి బాగ తంతదంట గద?" అని భాగ్యశ్రీ అనే అమ్మాయి ఒకసారి అడిగింది.

"తన్నుడా? నాకైతే దోమ కుట్టినట్టు అయితది బిడ్డా. పులి లెక్క నిలవడాలె."

"గిది ఎగ్జామ్‌ల వస్తదా సార్?"

"రాకపోతే పేపరు తీసినోనికి తెల్వనట్టు!"

పులి సంగతి ఇంట్లో వేరు. ఆదివారం క్లబ్బు నుంచి వచ్చాడంటే సాయంత్రం దాకా కుడి మణికట్టు భార్య కుసుమ ఒళ్లో ఉండాల్సిందే. పేలిన ప్రతిసారీ చెయ్యి తేలు కుట్టినట్టు ఎగిరిపడేది. ఎగరబోతుందన్న భయంతోనే, పోనుపోను పేలకముందే ఎగరడం మొదలుపెట్టింది. తూటా గురి చూసే అట్టను వదిలేసి ఎటో పోయేది.

ఒకరోజు కుసుమ బామ్ సీసా ఠక్కున కింద పెట్టింది.

"ఏమయ్యా, నీ చేతికి రాసి రాసి నా చెయ్యి నొప్పిలేస్తున్నది. అల్మారల లాకరంత దానికే ఇస్తివి, నా గొలుసు బియ్యం డబ్బల పెట్టుకుంటున్న. క్లబ్బుల వచ్చే పెద్ద వయసోళ్ల పోటీల మొదటి ముగ్గురిల ఉంటివా, ఉంచుకో. లేకుంటే ఇంట్లకెళ్లి తీసెయ్యి. అంతే."

"ఊకో కుసుమా, నవ్వుతరు జనం."

"ఇప్పుడు ఏడుస్తున్నరా?"

జగదీశ్వర్‌కు ఆ రాత్రి అన్నం సయించలేదు. పిస్తోలు పోతే షూటర్ సార్ అనేవాళ్లు ఉండరు. మళ్లీ పచ్చళ్ల సేటే. తెల్లారి క్లబ్బులో పెద్దులు అనే పనివాడి దగ్గర తేలాడు. క్లబ్బు పర్మిషన్ మీద తూటాలు నింపేది పెద్దులే. ఖాళీ ఇత్తడి తొడుగు చేతి ప్రెస్సులో పెట్టి, అడుగున పేలే టోపీ బిగించి, మందు పోసి, మీద సీసం గుండు కూర్చి పిడి కిందికి లాగుతాడు. పని చేసేది చేతులే, ఆగనిది నోరు.

"పెద్దులూ, నా తూటాలల్ల మందు జర తగ్గించు. తన్నుడు ఉండొద్దు."

"తగ్గిస్త సేటూ, నాదేం పోతది? కని ఆ తన్నుడుతోనే గద పిస్తోలు పైనున్న మూత ఎనక్కి పోయి, ఖాళీ తొడుగును అవతల పారేసి కొత్త తూటాను ఎక్కిచ్చుకునేది. మందు తగ్గితే లోపలి స్ప్రింగు గూడ మెత్తటిది ఎయ్యాలె. నెల ఆగు, తెప్పిస్త."

"నెలకు పోటీయే అయిపోతది. ఊకె పరేషాన్ చెయ్యకు. పుట్టినప్పటి సంది కారం అమ్ముతున్న, ఘాటు తగ్గియ్యనీకె రోలు మారుస్తమా?"

పెద్దులుకు నవ్వొచ్చింది. ఎంత తగ్గిస్తే ప్రమాదం లేదో అంతవరకే తగ్గించి నింపి ఇచ్చాడు. "నేను చెప్పిన, నువ్వు ఇనలే" అని ముగ్గురి ముందు అని మరీ ఇచ్చాడు.

దుకాణంలో కొత్త సరుకు దిగితే జగదీశ్వర్ ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని నాలికకు తగిలిస్తాడు. రెండో చిటికెడు ముట్టడు. తూటాలనూ అలాగే రుచి చూశాడు. ఒక్కటే పెట్టి కాల్చాడు. చెయ్యి కదల్లేదు, గుండు నల్ల చుక్క నట్టనడుమ దిగింది. అట్ట వైపే మురిసిపోతూ చూశాడు తప్ప, పిస్తోలులో ఖాళీ తొడుగు బయట పడిందా లేదా అన్నది చూడలేదు.

ఇక ఆగుతాడా! హాస్టల్ పిల్లలందరినీ పోటీకి పిలిచాడు. నారాయణగూడ చౌరస్తా నుంచి బయల్దేరిన ఆటోల వరుస చూసి పెళ్లిబారాత్ అనుకుని ఒక ముసలాయన అక్షింతలు వెతుక్కున్నాడట. కుసుమ కూడా చీర మార్చుకుని వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. తూటాలు తనిఖీ చేసే బల్ల దగ్గర, పోటీ నడిపించే మంజుల మేడంకు జగదీశ్వర్ ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"స్పెషల్ తూటాలు మేడం. వీటి మసాలా నా సొంతం."

పది సెకన్లలో ఐదు కాల్చాలి. ఈల మోగింది. జగదీశ్వర్ మొదటిది నొక్కాడు. పచ్చడి జాడీ మూత లేచినట్టు టప్‌మంది, నట్టనడుమ దిగింది. పిల్లల ఈలలకు పక్క ఊరి కోళ్లు లేచాయి. రెండోసారి నొక్కాడు. ఏమీ లేదు. ఖాళీ తొడుగు సగం బయటికి వచ్చి, మూత సందులో ఇరుక్కుని, ఇటుక బట్టీ పొగగొట్టంలా నిటారుగా నిలబడింది. దాన్ని గోటితో పీకి, మూతను చేత్తో లాగి కాల్చాడు. మళ్లీ నడుమే. మళ్లీ పొగగొట్టం.

"సార్! సెమీ ఆటోమేటిక్ అంటే దాంతట అదే లోడైతది గదా, మీరెందుకు గుంజుతున్నరు?" అని భాగ్యశ్రీ అరిచింది. పక్కనున్నవాళ్లు పుస్తకం తీసి రాసుకోబోయారు.

"టైం అయిపోయింది, ఆపండి" అంది మంజుల మేడం. దగ్గరికి వచ్చి పిస్తోలు చూసి తల పట్టుకుంది. "పెద్దమనిషి, తప్పు మీదా, తూటాలు నింపినోనిదా? నింపినోనిదంటే క్లబ్బు తూటాలిస్త, మళ్ల కాల్చుకోండి."

పెద్దులు గోడవారగా నిలబడి ఉన్నాడు. మొదటిసారి నోరు మూసుకుని ఉన్నాడు. తప్పు పెద్దులుదని ఒక్క మాట అంటే చాలు, జగదీశ్వర్‌కు ఇంకో అవకాశం. మేడం చేతిలో క్లబ్బు తూటాల డబ్బా ఉంది. నిండా మందు కూరినవి, ఇత్తడి మెరుస్తున్నవి. వాటిని చూడగానే కాల్చకముందే మణికట్టు జివ్వుమంది. ఇంతమంది ముందు చెయ్యి ఎగిరిందంటే? కుసుమ కుర్చీలోంచి కళ్లార్పకుండా చూస్తోంది.

"తప్పు నాదే మేడం. వద్దు" అన్నాడు.

ఎంత గొప్ప మనసు అని పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దులు కళ్లు కూడా చెమ్మగిల్లాయట. కుసుమ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. తిరుగు ప్రయాణంలో ఆటో విద్యానగర్ దాటాక అడిగింది.

"డబ్బ చూసి భయపడ్డవు గదా?"

జగదీశ్వర్ రోడ్డు మీద బర్రెలను లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ వారమే పిస్తోలు, లైసెన్సుతో సహా తుపాకుల దుకాణానికి చేరింది. లాకర్లోకి గొలుసు చేరింది.

ఇప్పుడు దుకాణానికి పోయి ఎవరైనా ఈ సంగతి ఎత్తితే, జగదీశ్వర్ గరిటె చూపిస్తాడు.

"ఎవడు చెప్పిండు నీకు? అంత జూటా! నాకసలు పిస్తోలే లేకుండె, అది మా బామ్మర్దిది. పెద్దులు ఎవడో నాకు తెల్వదు. ఆ ఆదివారం నాకు జరం, దుప్పటి కప్పుకొని పన్న. పోటీకే పోలే అంటున్న గదా! నువ్వు గూడ మందితోని గిట్లనే చెప్పు, పోలే అని. రెండు గుండ్లు నడిమిట్ల పడ్డ ముచ్చట మాత్రం ఇడిశిపెట్టకు."